స్టేషన్ మాస్టర్ లేని స్టేషన్లు

గురువారం: క్రోయిడన్ నుంచి బ్రైటన్

మా నాన్న రైల్వేలో స్టేషన్ మాస్టర్‌గా చేసి రిటైరయ్యారు. మీటర్ గేజి రోజుల్లో కంభం, గిద్దలూరు వైపు, ఆ తర్వాత గుంటూరు చుట్టుపక్కల. అలాంటి మనిషికి టవర్ బ్రిడ్జి చూపిస్తే "బాగుందమ్మా" అని ఊరుకుంటారు. లండన్‌లోని పెద్ద రైల్వే స్టేషన్ క్లాఫం జంక్షన్ చూపిస్తే ప్లాట్‌ఫాం బెంచీ మీంచి లేవరు. అందుకే ఈసారి సెలవు పెట్టి, మ్యూజియంల జోలికి పోకుండా, ఇంగ్లండ్ దక్షిణ తీరం వెంబడి చిన్న స్టేషన్లు చూసొద్దామని ఆయన్ని తీసుకుని బయల్దేరాను. ఇద్దరి పేరు మీదా టూ టుగెదర్ కార్డు తీసుకుంటే టికెట్ మీద మూడో వంతు తగ్గుతుంది. కాకపోతే మామూలు రోజుల్లో పొద్దున తొమ్మిదిన్నర దాటాకే చెల్లుతుంది. దాంతో హడావుడి లేకుండా ఇడ్లీ తిని బండెక్కాం.

ఈస్ట్ క్రోయిడన్‌లో నాన్న ముందు పైకి చూశారు. తీగల్లేవు. "డీజిలా?" అన్నారు. కాదు, కరెంటే. పట్టాల పక్కన కాస్త ఎత్తులో ఇంకో పట్టా ఉంటుంది. 750 వోల్టుల డీసీ అందులోంచి వస్తుంది. లండన్ నుంచి బ్రైటన్ దాకా ఈ మూడో పట్టా పని 1933 జనవరి 1కి పూర్తయింది. మన దగ్గర 25 వేల వోల్టులు నెత్తి మీద ఉంటే ఇక్కడ కరెంటు కాళ్ల దగ్గరే ఉందన్నమాట. "జనం పట్టాలు దాటరా?" అన్నది ఆయన రెండో ప్రశ్న. దాటరు నాన్నా, దాటితే బతకరు అన్నాను. మన ఊళ్లలో ఈ పద్ధతి ఒక్కరోజు కూడా నడవదని ఇద్దరం ఒప్పేసుకున్నాం.

బాల్కంలో దిగాం. అక్కడినుంచి పొలాల గట్ల వెంట ముప్పావు గంట నడిస్తే ఊజ్ లోయ వంతెన వస్తుంది. 1841లో కట్టిన ఈ వంతెనకి 37 కమానులు, 450 మీటర్ల పొడవు, 29 మీటర్ల ఎత్తు. కోటీ పది లక్షల ఇటుకలు పట్టాయట. వాటిలో చాలావరకు హాలండ్ నుంచి పడవల్లో, ఈ ఊజ్ నది మీదుగానే తెచ్చారు. బండిలో వెళ్తే వంతెన మీద ఉన్నామని కూడా తెలియదు, కిటికీలో లోయ ఒక్క క్షణం మెరిసి పోతుంది. కిందకి వెళ్లి స్తంభాల మధ్య నిలబడితే ఆ చివరి దాకా ఒకదానిలోంచి ఒకటి ద్వారాలు కనిపిస్తాయి. ఫోటోలు తీసుకునేవాళ్లు వరసలో నిలబడి ఉన్నారు. నాన్న మాత్రం ఇటుకల సందుల్లో సున్నం ఎలా ఉందో గోటితో గీకి చూస్తున్నారు.

మధ్యాహ్నానికి బ్రైటన్ చేరాం. స్టేషన్ ముఖభాగం డేవిడ్ మొకాటా గీసింది, 1840ల నాటిది. ఆ తర్వాత దాని ముందు కట్టిన ఇనప చూరు దాన్ని సగం కప్పేసింది. అసలు చూడాల్సింది లోపలి కప్పు. 1882-83లో వేసిన ఇనుము, గాజు కప్పు పట్టాల వంపుతో పాటే తానూ వంగుతూ వెళ్తుంది.

ఈ ప్లాట్‌ఫాంల మీద మనవాళ్ల చరిత్ర కూడా ఉంది. 1914 డిసెంబరులో ఫ్రాన్స్ యుద్ధరంగంలో గాయపడిన భారతీయ సిపాయిల్ని ఆసుపత్రి రైళ్లలో ఇక్కడే దించారు. రాజుగారు సరదాకి కట్టుకున్న రాయల్ పెవిలియన్‌నే వాళ్లకి ఆసుపత్రిగా మార్చారు. కులమతాల్ని బట్టి వంటశాలలు వేరు చేశారు. ఉర్దూ, హిందీ, గురుముఖిలో బోర్డులు పెట్టారు. ఊళ్లోని భారతీయ ఆసుపత్రులన్నీ కలిపి పన్నెండు వేలమందికి పైగా వైద్యం చేశాయి. చనిపోయిన హిందువులు, సిక్కులు 53 మందిని ఊరి బయట కొండ మీద దహనం చేశారు. ఆ చోట కట్టిన తెల్లటి పాలరాతి ఛత్రిని 1921 ఫిబ్రవరిలో ఆవిష్కరించారు. స్టేషన్ నుంచి పెవిలియన్‌కి నడిచేటప్పుడు నాన్న దారి పొడవునా దూరం లెక్కపెడుతూ వచ్చారు, స్ట్రెచర్ల మీద ఎంతసేపు పట్టి ఉంటుందోనని.

సముద్రం ఒడ్డున ఇసక లేదు, అన్నీ గులకరాళ్లే. సూర్యలంక చూసిన కళ్లకి ఇదొక లోటు. కానీ ఒడ్డు వెంబడే 1883 ఆగస్టు 4 నుంచి నడుస్తున్న వోల్క్ బుల్లి రైలుంది. ఇప్పటికీ తిరుగుతున్న కరెంటు రైళ్లలో ప్రపంచంలో ఇదే పాతది. మాగ్నస్ వోల్క్ ఈ ఊరివాడే, గడియారాలు చేసే జర్మన్ కొడుకు. ఆయన అంతటితో ఆగలేదు. 1896లో సముద్రంలోనే పట్టాలు వేసి, ఏడు మీటర్ల కాళ్ల మీద ఒక గదిని నిలబెట్టి రాటింగ్‌డీన్ దాకా నడిపాడు. పోటు వచ్చినప్పుడు నీళ్లలోంచే నడిచేది. సముద్రంలో తిరిగేది కాబట్టి చట్టప్రకారం అందులో ఒక ఓడ కెప్టెన్, లైఫ్‌బోటు ఉండాల్సి వచ్చింది. మొదలుపెట్టిన వారానికే తుపాను దాన్ని పడేసింది. బాగుచేసి మళ్లీ నడిపారు కానీ 1901లో మూతపడింది. నాన్న కడుపుబ్బ నవ్వారు. "ఇంతకీ డ్రైవరు రైల్వే మనిషా, ఓడ మనిషా?"

రాత్రి గదిలో ఆయనకి ఇంకో సంగతి చెప్పాను. బండిని లైను మార్చే పాయింట్లు ఒకవైపు, సిగ్నల్ మరోవైపు చూపించకుండా రెండింటినీ కలిపి బిగించే ఇంటర్‌లాకింగ్‌కి 1856లో పేటెంటు తీసుకున్న జాన్ శాక్స్‌బీ పుట్టింది బ్రైటన్‌లో. ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో వడ్రంగి పని చేసినవాడు. నాన్న లేచి కూర్చున్నారు. "శాక్స్‌బీ అండ్ ఫార్మరా? మన క్యాబిన్లలో లీవర్ల మీద ఆ పేరే కదమ్మా పోతపోసి ఉండేది!" నిజమే, ఆ కంపెనీకి కలకత్తాలో కూడా ఫ్యాక్టరీ ఉండేది. "నేనింతకాలం ఇద్దరూ దొరలనుకున్నాను. ఒకడు వడ్రంగా!" ఆ రాత్రి ఆయన నిద్రపోయింది ఎప్పుడో నాకు తెలియదు.

శుక్రవారం: లూయిస్, సీఫర్డ్ లైను

బ్రైటన్ స్టేషన్ దాటగానే లూయిస్ బండి పెద్ద వంపు తిరిగి ఇళ్ల కప్పుల పైనుంచి వెళ్తుంది. ఇది 1846 నాటి 27 కమానుల వంతెన. 1943 మేలో జర్మన్ విమానం వేసిన బాంబుకి దీని స్తంభం ఒకటి కూలి, పట్టాలు గాలిలో వేలాడాయి. నెల తిరక్కుండానే తాత్కాలికంగా కట్టి మళ్లీ బళ్లు నడిపారు. నాన్నకి ఇలాంటివంటే ఇష్టం. బాంబు సంగతి ఒక్క మాటలో విని, ఆ నెలరోజుల్లో బళ్లు ఎటునుంచి మళ్లించారని పది ప్రశ్నలు వేశారు.

లూయిస్ కొండ మీద కోట, కింద స్టేషన్, మధ్యలో నిట్టనిలువు వీధులు ఉన్న ఊరు. స్టేషన్ పట్టాల మధ్య 'వి' ఆకారంలో ఇరుక్కుని ఉంటుంది, కాబట్టి ఏ ప్లాట్‌ఫాం చూసినా వంపే. ఇప్పటి భవనం 1889 నాటిది. దానికి ముందు, 1845లో ఇక్కడ లైను తవ్వేటప్పుడు పాత మఠం శిథిలాల మధ్యలోంచి పోనిచ్చారు. కూలీల పారలకి రెండు సీసపు పెట్టెలు తగిలాయి. వాటిలో ఉన్నవి మఠం కట్టించిన విలియం డి వారెన్, ఆయన భార్య గుండ్రాడా అస్థికలు. అప్పటికి ఏడు వందల ఏళ్లు దాటిన దంపతులు. ఇప్పుడవి దగ్గర్లోని సౌత్‌ఓవర్ చర్చిలో ఉన్నాయి. మఠం గోడల మధ్యలోంచే బండి ఇప్పటికీ పోతుంది. చరిత్రని ఇంత మొరటుగా కోసిన లైన్లు నేనింకా చూడలేదు.

లూయిస్ నుంచి సీఫర్డ్ దాకా వెళ్లే చిన్న పాయ లైను నాకు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా నచ్చింది. మొదట సౌతీజ్. పచ్చిక బయళ్ల మధ్య రెండు ప్లాట్‌ఫాంలు, ఒక గేటు, ఎదురుగా కొండలు. ఊరంటూ కనిపించదు. నది దాటి నడిస్తే గుండ్రటి శిఖరం ఉన్న చిన్న చర్చి, ఇంకొంచెం నడిస్తే రాడ్‌మెల్ ఊళ్లో వర్జీనియా వుల్ఫ్ ఉన్న ఇల్లు. 1919లో కొన్నారు. 1941లో ఆమె ప్రాణం తీసుకున్నది ఈ ఊజ్ నదిలోనే. అంత పెద్ద రచయిత్రి ఊరికి ఇంత చిన్న స్టేషనా అనిపిస్తుంది గానీ, వచ్చే బండి కోసం కూర్చుంటే ఇక్కడ ఇంతకంటే ఏం కావాలి అని కూడా అనిపిస్తుంది.

నాన్నకి మాత్రం కాలు నిలవలేదు. ప్లాట్‌ఫాం ఈ చివరి నుంచి ఆ చివరికి రెండుసార్లు నడిచారు.

"అమ్మలూ, ఇక్కడ స్టేషన్ మాస్టర్ ఎవరు?"

"ఎవరూ లేరు నాన్నా."

"మరి బండి ముందుకి పోవడానికి లైన్ క్లియర్ ఎవరిస్తారు?"

ఈ ప్రాంతంలో చాలా లైన్లని త్రీ బ్రిడ్జెస్ అనే చోట పెద్ద కంట్రోల్ సెంటర్ నుంచి నడుపుతున్నారని చెప్పాను. నిన్న మనం దాటి వచ్చిన స్టేషనే. ప్రయాణికుడికి ఏదైనా ఇబ్బందైతే నొక్కడానికి స్తంభం మీద ఒక బటన్ ఉంది, అవతల ఎవరో పలుకుతారు. నాన్న ఆ బటన్ దగ్గరికి వెళ్లి, చేతులు వెనక కట్టుకుని, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన డివిజన్ పెద్దాఫీసరు డీఆర్‌ఎం లాగా చూసొచ్చారు. "తుపాను వచ్చి కరెంటు పోతే?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆయనకి అక్కర్లేదు కూడా, అది ప్రశ్న కాదు.

న్యూహేవన్‌లో ఊరికి ఒకటి, రేవుకి ఒకటి స్టేషన్లున్నాయి. ఇక్కడినుంచి ఫ్రాన్స్‌లోని డియెప్‌కి ఓడ వెళ్తుంది. మూడోది న్యూహేవన్ మెరీన్ ఉండేది, దాని కథ నాన్నకి చెప్తే నమ్మలేదు. 2006లో కప్పు ప్రమాదకరంగా ఉందని జనాన్ని రానివ్వడం ఆపేశారు. కానీ చట్టప్రకారం స్టేషన్ మూసేయాలంటే పెద్ద తతంగం. అది పూర్తి చేయకుండా ఏళ్ల తరబడి అలాగే ఉంచేశారు. కాగితాల మీద స్టేషన్ ఉంది, ఖాళీ బండి వచ్చి పోయేది, ఎవరైనా ఆ స్టేషన్‌కి టికెట్ కొంటే ట్యాక్సీ పెట్టి పంపేవారు. 2020లో గానీ అధికారికంగా మూయలేదు. "ఫైలు కదలకపోతే స్టేషన్ బతుకుతుందన్నమాట," అన్నారు నాన్న. "మన దగ్గరే అనుకున్నాను."

తర్వాతిది బిషప్‌స్టన్. ఇక్కడ దిగకపోతే ఈ లైను చూసినట్టే కాదు. 1938లో సదరన్ రైల్వే అనే ఇక్కడి కంపెనీ ఊరు బాగా పెరుగుతుందని ఆశపడి, జేమ్స్ రాబ్ స్కాట్ చేత కొత్త ఫ్యాషన్ స్టేషన్ కట్టించింది. ఎనిమిది పలకల ఎత్తయిన హాలు, చుట్టూ గాజు. లండన్ మెట్రో స్టేషన్ ఒకటి దారి తప్పి పల్లెలో దిగినట్టుంటుంది. మరుసటి ఏడాదే యుద్ధం వచ్చింది, అనుకున్న ఊరు రాలేదు. 1940లో సముద్రం వైపు నుంచి జర్మన్లు దిగుతారేమోనని ఈ స్టేషన్ నెత్తిమీదే రెండు కాంక్రీటు తుపాకీ గూళ్లు కట్టారు. హాలు ఆకారంలో కలిసిపోయేలా కట్టారు కాబట్టి చెప్తే తప్ప కనిపించవు. నాన్న రోడ్డు అవతలికి వెళ్లి, తల పైకెత్తి, తుపాకీ పెట్టే సందులు వేలితో చూపించారు. చాలాకాలం బూజుపట్టి ఉన్న ఈ భవనాన్ని ఇప్పుడు ఊరివాళ్లే ఒక సంఘంగా ఏర్పడి చూసుకుంటున్నారు.

సీఫర్డ్‌లో లైను ఆఖరు. టీ తాగి వెనక్కి వచ్చాం. బీచిలో పులిహోర తిన్నాం, సీగల్ పక్షులకి పులిహోర నచ్చదని తెలిసింది.

శనివారం: ఈస్ట్‌బోర్న్, బెక్స్‌హిల్, హేస్టింగ్స్

ఎండ కాసింది, శనివారం కూడా, ఇక చెప్పేదేముంది. లండన్ సగం ఈ బండిలోనే ఉంది. ఈస్ట్‌బోర్న్ స్టేషన్ 1886 నాటిది, గడియారం గోపురంతో దర్జాగా ఉంటుంది. బండి లోపలికెళ్లి, డ్రైవరు ఈ చివరి నుంచి ఆ చివరికి మారి, వచ్చిన దారినే కొంత వెనక్కి వస్తుంది. మన విజయవాడలో ఇంజను మార్చే హడావుడి గుర్తొచ్చి నాన్న గడియారం చూసుకున్నారు. ఇక్కడ రెండు వైపులా డ్రైవరు గది ఉంటుంది కాబట్టి నిమిషాల్లో అయిపోయింది.

పెవెన్సీ, నార్మన్స్ బే, కూడెన్ బీచ్. పేర్లలోనే ఉంది కదా, 1066లో నార్మన్లు దిగింది ఈ తీరంలోనే. నార్మన్స్ బే ఒక గేటు, నాలుగు కారవాన్లు, సముద్రం. కూడెన్ బీచ్‌లో దిగితే రోడ్డు దాటగానే గులకరాళ్లు.

బెక్స్‌హిల్‌లో ఒక గంట ఆగాం. 1902 నాటి స్టేషన్‌లో టికెట్ హాలు పైన పొడవాటి గాజు గూడు, కిందికి ప్లాట్‌ఫాం దాకా వాలుగా దారి. ఒడ్డున 1935లో కట్టిన డి లా వార్ పెవిలియన్ తెల్లటి ఓడలా ఉంది. కానీ నన్ను ఆకట్టుకున్నది ఇంకో సంగతి. అదే 1902లో పోటీ కంపెనీ కూడా ఇదే ఊరికి వేరే లైను వేసి, బెక్స్‌హిల్ వెస్ట్ అని ఇంకో స్టేషన్ కట్టింది. దానికోసం క్రోహర్స్ట్ దగ్గర పెద్ద వంతెన కూడా వేసింది. 1964లో లైను మూసేశారు, 1969లో వంతెన పేల్చేశారు. స్టేషన్ భవనం మాత్రం మిగిలింది. ఇంగ్లండ్‌లో ఇన్ని స్టేషన్లు ఎందుకున్నాయో, ఇన్ని ఎందుకు పోయాయో రెండూ ఈ ఒక్క ఊళ్లోనే అర్థమవుతాయి. ప్రైవేటు కంపెనీలు ఒకరి మీద ఒకరు పంతానికి లైన్లు వేసుకున్నాయి. అరవై ఏళ్ల తర్వాత బ్రిటిష్ రైల్వే అధిపతి డాక్టర్ బీచింగ్ 1963 నివేదికలో లాభనష్టాల లెక్కతో వేల కిలోమీటర్ల లైన్లు మూయమని చెప్పాడు. బీచింగ్ పేరెత్తితే ఇప్పటికీ ఇక్కడి పెద్దవాళ్లు మొహం మాడ్చుకుంటారు. నాకు ఆయన మీద అంత కోపం లేదు. ఒక ఊరికి రెండు స్టేషన్లు కట్టినవాళ్లని ఎవరూ ఏమీ అనరేం?

సెయింట్ లెనార్డ్స్ స్టేషన్ రెండు సొరంగాల మధ్య ఉన్న కాస్త ఆకాశం. హేస్టింగ్స్‌లో ఇప్పుడున్నది 2004 నాటి కొత్త భవనం, చెప్పుకోవడానికి ఏమీ లేదు. సాయంత్రం లండన్ లైనులో బ్యాటిల్ దాకా వెళ్లొచ్చాం. 1852లో విలియం ట్రెస్ ఆ ఊరి మఠానికి తగ్గట్టుగా స్టేషన్‌ని కూడా చర్చిలా కోసు కిటికీలతో కట్టాడు.

ఈ హేస్టింగ్స్ లైను సొరంగాల కథ వింటే కాంట్రాక్టర్లు ఎక్కడైనా కాంట్రాక్టర్లే అనిపిస్తుంది. సొరంగాల లోపల వేయాల్సినన్ని ఇటుక వరసలు వేయకుండా బిల్లు తీసుకున్నారు. కొన్నేళ్లకి కూలడం మొదలైతే గానీ బయటపడలేదు. మళ్లీ తవ్వే ఓపిక, డబ్బు లేక లోపలి వైపే ఇంకో వరస ఇటుకలు వేసేశారు. దాంతో సొరంగాలు ఇరుకైపోయి, మామూలు పెట్టెలు పట్టలేదు. ఈ ఒక్క లైను కోసం సన్నటి పెట్టెలు ప్రత్యేకంగా చేయించుకుని, వందేళ్లకి పైగా వాటితోనే నెట్టుకొచ్చారు. 1986లో కరెంటు పెట్టినప్పుడు ఇరుకు సొరంగాల్లో రెండు లైన్లు తీసి మధ్యలో ఒకటే వేశారు. అప్పుడు తీరింది సమస్య. నాన్న చాలాసేపు నవ్వి, తను చూసిన ఒక గేట్‌మన్ గది కథ చెప్పారు. అది ఇక్కడ రాయను.

ఆదివారం: రై

హేస్టింగ్స్ నుంచి ఆష్‌ఫర్డ్ వెళ్లే లైనుకి కరెంటు లేదు. రెండు పెట్టెల డీజిల్ బండి గుర్రుమంటూ రాగానే నాన్న మొహం విప్పారింది. త్రీ ఓక్స్, డోలం, వించెల్‌సీ అని మధ్యలో మూడు చిన్న ఆగుళ్లు. అన్ని బళ్లూ ఆగవు, ఆగినా ప్లాట్‌ఫాం చాలదు కాబట్టి అన్ని తలుపులూ తెరుచుకోవు. ఎటువైపు పెట్టెలోకి రావాలో ముందే మైకులో చెప్తారు. బీచింగ్ జాబితాలో ఈ లైను కూడా ఉంది. కానీ ఈ చిత్తడి నేలల్లో బస్సులు తిరగడానికి సరైన రోడ్లు లేకపోవడంతో మూయలేకపోయారు. మూయలేక, 1979లో ఖర్చు తగ్గించడానికి రెండో లైను పీకేసి, ఆపిల్‌డోర్ దాకా సింగిల్ లైను చేశారు. ఎదురుబదురు బళ్లు తప్పుకోవడానికి రై స్టేషన్‌లో మాత్రం పక్క లైను, అంటే లూప్, ఉంచారు.

అంటే క్రాసింగ్. నాన్న ఉద్యోగమంతా అదే కదా. ఊరు చూద్దాం రమ్మంటే "ఒక్క క్రాసింగ్ చూసి వెళ్దాం" అన్నారు. రై స్టేషన్ భవనం కూడా విలియం ట్రెస్‌దే, 1851లో ఇటలీ ఇళ్ల తరహాలో మూడు కమానులతో కట్టాడు. దగ్గర్లోనే చెక్కతో కట్టిన సిగ్నల్ క్యాబిన్ ఉంది, 1890ల నాటిది. అందులో మనిషి ఉన్నారు! ఇన్ని స్టేషన్లు తిరిగాక బళ్లని కళ్లతో చూసి పంపే మనిషి కనిపించడం ఇదే మొదలు. కిటికీలోంచి టీ కప్పు కనిపిస్తోంది.

హేస్టింగ్స్ వైపు నుంచి ఒకటి వచ్చి ఆగింది. ఆష్‌ఫర్డ్ వైపు నుంచి ఇంకొకటి నెమ్మదిగా లూప్‌లోకి వచ్చింది. జనం దిగారు, ఎక్కారు. ఇటుది అటు, అటుది ఇటు వెళ్లిపోయాయి. అంతే. నాన్న అన్నీ గొంతులోపలే చెప్పుకుంటున్నారు: పాయింట్లు, హోం సిగ్నల్, స్టార్టర్ సిగ్నల్. పక్కన కూర్చున్న ఒక పెద్దాయన అది గమనించి, మీరు రైల్వే మనిషా అని అడిగాడు. ఇద్దరూ మాట్లాడుకున్నారు. నాన్న నీల్స్ బాల్ టోకెన్ గురించి చెప్పారు, ఇనప బంతిని డ్రైవరు చేతికి ఇస్తే తప్ప బండి సింగిల్ లైనులోకి పోకూడదని. ఆయన ఇక్కడి పాత రోజుల్లో అదే పనికి ఇచ్చే కర్ర గురించి చెప్పాడు. బంతి, కర్ర అంటూ చేతులు ఊపుకుంటూ గంట గడిపారు. ఈలోగా ఇంకో క్రాసింగ్ కూడా అయింది. నేను వెళ్లి ఇద్దరికీ టీ తెచ్చాను.

ఊరు చూడలేదని కాదు. రాళ్లు పరిచిన మెర్మెయిడ్ వీధి, రచయిత హెన్రీ జేమ్స్ ఉన్న లాంబ్ హౌస్, చర్చి గోపురం. ఫోటోల్లో ఉన్నంత అందంగానే ఉంది, ఫోటోలు తీసేవాళ్లూ అంతే ఉన్నారు. ఒకప్పుడు ఓడలు వచ్చే రేవు. సముద్రం వెనక్కి జరిగిపోయింది, ఊరు అక్కడే ఉండిపోయింది.

సోమవారం: డంజ్‌నెస్, హైద్, ఫోక్‌స్టన్

రై నుంచి బస్సులో డంజ్‌నెస్. ఇది ఇంగ్లండ్‌లో ఉందంటే నమ్మబుద్ధి కాదు. కనుచూపు మేర గులకరాళ్లు, అక్కడక్కడ నల్ల చెక్క ఇళ్లు, సినిమా దర్శకుడు డెరెక్ జార్మన్ రాళ్ల మధ్య పెంచిన తోట, లైట్‌హౌసు, వెనక 2021లో మూసేసినట్టు ప్రకటించిన అణు విద్యుత్ కేంద్రం. వీటన్నిటి పక్కన మనిషి భుజం ఎత్తున్న ఆవిరి ఇంజను పొగలు కక్కుతూ నిలబడి ఉంది.

దీని గేజి 15 అంగుళాలు, అంటే 381 మిల్లీమీటర్లు. పిల్లల ఆట రైలు కాదు. టైంటేబుల్, సిగ్నళ్లు, డబుల్ లైను అన్నీ ఉన్న రైల్వే, హైద్ దాకా దాదాపు 22 కిలోమీటర్లు. మోటారు పందేల పిచ్చి ఉన్న ఇద్దరు డబ్బున్నవాళ్ల ఆలోచన ఇది. వాళ్లలో కౌంట్ జబరోవ్‌స్కీ 1924లో మోంజా పందెంలో చనిపోయాడు. కెప్టెన్ హోవీ ఒక్కడే పూర్తిచేసి 1927 జులై 16న ప్రారంభించాడు. యుద్ధంలో దీనిమీద కవచం తొడిగిన రైలు తిరిగింది. యుద్ధం తర్వాత 1947లో లైను మళ్లీ తెరిచినప్పుడు రిబ్బను కత్తిరించింది సినిమా హాస్యనటులు లారెల్, హార్డీ. 2015 దాకా బడిపిల్లల్ని కూడా ఈ రైలే దింపేది.

పెట్టెలో మోకాళ్లు గడ్డానికి ఆనుకున్నాయి. లైను ఇళ్ల పెరళ్ల వెనక నుంచి పోతుంది, ఆరేసిన బట్టలు చేతికందుతాయి. న్యూ రామ్నీలో ఇంజను నీళ్లు పట్టుకుంటుంటే నాన్న డ్రైవరుతో మాట కలిపారు. బొగ్గు ఎక్కడినుంచి వస్తుంది, బాయిలర్ ఎన్నేళ్లకి విప్పుతారు, జీతమెంత. చివరిది అడగకూడదని నేను తెలుగులో అంటే, "రైల్వే వాళ్లం, మేం మేం మాట్లాడుకుంటాం" అన్నారు.

హైద్ నుంచి బస్సులో ఫోక్‌స్టన్. మెయిన్ లైను నుంచి రేవుకి దిగే పాయ 30 అడుగులకి ఒక అడుగు వాలు. ఓడ దిగినవాళ్లని పైకి లాగడానికి ఆవిరి రోజుల్లో మూడు నాలుగు ఇంజన్లు కట్టేవారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్ వెళ్లే సైనికులు లక్షల్లో ఇక్కడినుంచే ఓడెక్కారు. రేవు మీద ఇద్దరు జెఫ్రీ అక్కచెల్లెళ్లు వాళ్లకి ఉచితంగా టీ, బన్ను ఇచ్చే చోట పెట్టిన పుస్తకాల్లో సుమారు 42 వేల పేర్లు మిగిలాయి. 2014లో లైను మూసేశారు. స్టేషన్ పాడుబడకుండా చూరు, ప్లాట్‌ఫాంలు శుభ్రంగా బాగుచేసి జనం తిరిగే చోటుగా మార్చారు. సిగ్నల్ క్యాబిన్ కాఫీ కొట్టయింది.

ఇక్కడ నాకూ నాన్నకీ మాటామాటా వచ్చింది. ఇంత చక్కగా నిలబెట్టారు కదా అని నేను. "బండి రాని స్టేషన్ ఎంత ముస్తాబైతే ఏంటి? ఆ సౌతీజ్ నయం, మనిషి లేకపోయినా బండి వస్తుంది," అని ఆయన. సౌతీజ్‌లో స్టేషన్ మాస్టర్ లేడని అంత బాధపడ్డది తమరే కదా అన్నాను. "ఆ బాధ వేరు, ఇది వేరు."

ఫోక్‌స్టన్ సెంట్రల్ నుంచి జావెలిన్ బండెక్కాం. ఆష్‌ఫర్డ్ దాటాక గంటకి 225 కిలోమీటర్లు. గంటలోపే సెయింట్ పాంక్రాస్‌లో దించేస్తుంది. కిటికీలోంచి దాటిపోయే స్టేషన్ల బోర్డులు చదవబోయి, అందక, నాన్న విసుక్కున్నారు. ఊరికి తిరిగి వెళ్లడానికి ఆయనకి ఇంకా కొన్ని వారాలుంది. ఐల్ ఆఫ్ వైట్‌లో సముద్రం మీద కట్టిన రైడ్ పియర్ దాకా రైలు వెళ్తుందని, లండన్ అండర్‌గ్రౌండ్‌లో రిటైరైన పెట్టెల్ని కొత్తగా తయారుచేసి 2021 నుంచి అక్కడ తిప్పుతున్నారని చెప్పాను.

"రిటైరయ్యాక కూడానా?" అన్నారు నాన్న. "శనివారం జనం ఎక్కువ. వచ్చే బుధవారం పెట్టు."